చిటికెన వేలి కింది చ

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా మనవరాలు నా ఫోనులో ఒక కొత్త సదుపాయం చూపించింది. అక్షరాలు ఒక్కొక్కటీ వెతుక్కుని నొక్కనక్కర లేదట, మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడితే చాలు, అదే రాసేస్తుందట. వేళ్ళ కణుపులు బిగుసుకుపోతున్న నావంటి దానికి ఇంతకంటే ఏం కావాలి అనుకుని, నౌపడలో ఉంటున్న మా తోటికోడలి కూతురికి ఆ పూటే ఒక ముక్క పంపుదామని కూర్చున్నాను. వాళ్ళ పెద్దపిల్లకి నర్సు ఉద్యోగం వచ్చిందని కబురు తెలిసింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మా ఊళ్ళో దీవించే మాటే, "సల్లగుండమ్మా" అన్నాను. ఫోను ఒక్క క్షణం ఆలోచించినట్టు చుక్కలు చూపించి "చల్లగా ఉండమ్మా" అని రాసింది.

ఎంత శుభ్రంగా రాసిందో! మా మనవరాలు చప్పట్లు కొట్టింది. నేను మాత్రం ఫోను ఒళ్ళో బోర్లా పెట్టేశాను. నాలాగే నడివయసు దాటాక పలక పట్టినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఒక్క అక్షరం మనిషిని ఎంత సిగ్గుపడేలా చేయగలదో వాళ్ళకి వేరే చెప్పనక్కర లేదు. అయితే నా సిగ్గు అక్షరం రానందుకు కాదు, వచ్చినందుకు.

మాది బొబ్బిలి నుంచి సాలూరు వెళ్ళే దారికి కొంచెం లోపలగా ఉన్న ఊరు. పల్లంలో వరి, మెట్ట మీద చోళ్ళు, అంటే రాగులు, గోగు. నాకంటే నాలుగేళ్ళ ముందు ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చినావిడను నేను అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కను అలాగే అంటాం. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు వరి ఉడుపుల్లో నా వరుస వంకరపోతుంటే, అత్తగారి కంట పడకముందే నా వరుస కూడా తనే సర్దేసి ఏమీ ఎరగనట్టు ముందుకు జరిగిపోయేది అప్ప. మాట మాత్రం కరుకు, ప్రేమగా పిలిచినా పక్కింటివాళ్ళకి తగువులాగే వినిపించేది. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. బస్సు ఏ ఊరిదో ఎవరినైనా అడిగి ఎక్కడం, కాగితం చూపిస్తే వేలిముద్ర వేయడం, ఆ వేలికి అంటిన సిరాను దారిలో ఏ గట్టు గడ్డికో రాసుకుని పోగొట్టుకోవడం, అన్నీ కలిసే చేశాం.

నాకు నలభై అయిదు దాటాక మా ఊళ్ళో ఆడవాళ్ళకి చదువు చెప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పూట, ధాన్యం గిడ్డంగి వసారాలో. చెప్పేది మా ఊరి వడ్రంగి కూతురే, పదో తరగతి గట్టెక్కిన పిల్ల. సిగ్గుతో వెనకాడుతున్న నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది అప్పే. తీరా వెళ్ళాక నాకు అక్షరాలు తొందరగా పట్టుబడ్డాయి, అప్ప మాత్రం ఒకచోట చిక్కుకుంది. మా నోట చ పలకదు. చెప్పు, చూడు, చెయ్యి, చేను అన్నవి మాకు పుట్టినప్పటి నుంచీ సెప్పు, సూడు, సెయ్యి, సేను. పుస్తకంలో చూస్తే వేరేగా ఉంటాయి. నేను పొయ్యి ముందు కూర్చుని ఏ మాటకి చ, ఏ మాటకి స అని జపం చేసినట్టు వల్లించుకుని నేర్చుకున్నాను. అప్ప అలాంటి పని పెట్టుకోలేదు. నోటికి ఎలా వస్తే చేత్తో అలాగే రాసేది.

ఒకనాడు పక్క ఊళ్ళో చదువుకుంటున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూడడానికి వచ్చారు. తలా ఒక మాట రాసి చూపించండి అంటే అప్ప తనకి ఎంతో ఇష్టమైన మాట రాసింది. మెట్ట మీద తన చేతులతో రాళ్ళు ఏరి బాగుచేసుకున్న ఆ ఎకరం నేలను తలుచుకుని, పలక నిండా పెద్ద అక్షరాలతో, సేను అని. నేను పక్కనుంచి సుద్దముక్కతో ఆ స కింద గీత గీసి, అందరికీ వినపడేలా, "మాయప్పకి చేను లేదర్రా, సేనే ఉన్నాది" అన్నాను. వసారా అంతా నవ్వు. అప్ప కూడా నవ్వింది. పలకను కొంగుతో తుడిచి గోడకి ఆనించి, దూడకి కుడితి పెట్టాలని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వసారా ఎక్కలేదు. ఇంటి పనులు ఎక్కువై మానేసిందని నలుగురికీ చెప్పాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను.

తరవాత చాలా ఏళ్ళకి నేను ఊరి ఆడవాళ్ళకి అర్జీలు రాసిపెట్టే మనిషినయ్యాను. వీధి కొళాయికి ఒకటి, బడి గోడకి ఒకటి. అయితే ముదిరాక అక్షరం పట్టిన చెయ్యి కదా, ఒక అక్షరం గుమ్మడికాయంత, పక్కది ఉసిరికాయంత పడేవి. ఒకసారి ఏదో ఆఫీసులో గుమాస్తా నా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ తరగతి పిల్ల రాసిందమ్మా అని అడిగాడు. అతను మామూలుగానే అడిగాడు, నేనే తల దించుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచి అచ్చు అక్షరాల మీద మనసు పడింది.

నా గోడు విని మా రెండోవాడు ఒక పాత లాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. వాడు సాలూరులో లారీ బుకింగ్ ఆఫీసులో పని చేసేవాడు, అక్కడ అరగదీసి పక్కన పడేసినది అది. మూత తెరిస్తే బీడీ వాసన వచ్చేది. మూత కీలు ఒకటి విరిగిపోయి వెనక్కి పడిపోతుంటే చోళ్ళ డబ్బా ఆసరాగా పెట్టేదాన్ని. ప్లగ్గులో ఉన్నంతసేపే దానికి ప్రాణం, కరెంటు పోతే అదీ పోయేది. మళ్ళీ తెరిచినప్పుడల్లా గడియారం ఎప్పటిదో ఒకటే తారీకు దగ్గరకి వెనక్కి వెళ్ళి కూర్చునేది. లోపల ఫ్యాను పిండిమరలా రొద పెట్టేది. అయినా నాకు అది అపురూపం. మా పెద్ద మనవరాలు మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించి, ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించి, తన హాస్టలుకి వెళ్ళిపోయింది. నెల తిరిగేసరికి చూసి చూసి కొట్టడం వచ్చింది. నా అర్జీ అచ్చులో చూసుకున్న రోజున దాన్ని మడత పెట్టకుండా, బొబ్బిలి నుంచి బస్సులో ఒళ్ళో పరుచుకుని తెచ్చుకున్నాను.

ఇప్పుడు అప్ప కూతురి సంగతి చెప్పాలి. ఆ పిల్లని నౌపడ ఇచ్చారు. ఉప్పుమళ్ళకి దగ్గరలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే అందరం వెళ్ళాం. వియ్యాలవారంతా కూర్చుని ఉండగా అప్ప గోడ మీద అరచెయ్యి వేసి తడిమి చూసి, "ఉప్పుగాలి కదేటమ్మా, ఈ గోడలు పదేళ్ళు ఆగవు" అంది. తను చూసినది గోడనే, దాని బాగు కోరే అంది. కానీ పాలు పొంగించిన రోజు, అత్తవారి ముందు, కన్నతల్లి నోట ఆ మాట విని ఆ పిల్ల మొహం నల్లబడిపోయింది. "నీ నోటికి ఈ రోజైనా సెలవిచ్చీ అమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది. అంతే, అక్కడితో మాటలు లేవు. రెండేళ్ళు ఇటునుంచి ఫోను చేస్తే ఎత్తేది కాదు. అప్పకి వెళ్ళి బతిమాలుకోవడానికి మనసొప్పేది కాదు.

రెండో ఏడు కోతలయ్యాక ఒక పొద్దున్న అప్ప మా ఇంటికి వచ్చి లాప్‌టాప్ ముందు మఠం వేసుకుని కూర్చుంది. "ఒసే, ఆ పెట్టి తెరు. గుంటకి ఉత్తరం రాయాల. నాను సెప్తాను, నువు రాయి" అంది. గుంట అంటే నౌపడలో ఉన్న కూతురే. నేను చోళ్ళ డబ్బా సర్దుతుంటే నా మణికట్టు పట్టుకుని, "సెప్పినది సెప్పినట్టే రాయాల. నీ సదువు అందులో కలపకు" అంది. ఆ మాట నాకు పాత పలక గుర్తుచేసి అన్నదో, మామూలుగా అన్నదో ఇప్పటికీ తెలియదు.

అమ్మా అని మొదలుపెట్టింది. నానన్న మాట తప్పే, గోడని సూసి అన్నాను గాని నిన్ను సూసి కాదు, అంది. చూసి అని కొట్టడానికి నా కుడి చిటికెన వేలు దాని చోటికి వెళ్ళింది. చ ఉండేది ఆ వేలి కిందే. నొక్కాను, రాలేదు. గట్టిగా నొక్కాను, రాలేదు. ఒత్తు ఛ అయినా వస్తుందేమో అని చూశాను, అదీ అదే మీట మీద ఉంటుంది, అదీ రాలేదు. అప్ప ఆగడం లేదు, చెప్పుకుంటూ పోతోంది. తరవాత దిద్దుకోవచ్చులే అని అన్నిచోట్లా స పెట్టుకుంటూ పోయాను. సెయ్యి సాపి పిలుస్తన్నాను, ఓపాలి రా, నా సేతి సోడంబలి తాగీసెళ్ళు. నీ ఇల్లు సల్లగుండాల. నువు సల్లగుండు. అంతే ఉత్తరం. చదివి వినిపించమంటే చదివాను. అప్ప కళ్ళు మూసుకుని విని, "అద్గదీ. బేగి పంపీసీ" అని లేచింది.

నేను పంపలేదు.

ఎందుకు పంపలేదో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ ఇంట్లో అల్లుడి అన్నగారు బడిపంతులు, ఆడవాళ్ళతో సహా అందరూ చదువుకున్నవాళ్ళు. సూసి, సెయ్యి, సేతి అని అచ్చులో చూస్తే అప్పని ఏమీ అనుకోరు, ఆవిడకి చదువు రాదని తెలుసు. రాసినది నేనని కూడా తెలుసు. నన్ను చూసి నవ్వుతారు. పొయ్యి ముందు కూర్చుని అంత కష్టపడి సంపాదించుకున్న నా చ ఏమైపోయిందని అడుగుతారు. ఒక్క మీట బాగైతే చాలు, అన్నీ దిద్ది పంపుదాం, రెండు రోజుల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

మర్నాడే దాన్ని సంచిలో పెట్టుకుని బొబ్బిలి వెళ్ళాను. బాగుచేసే ఆయన ఆ మీట ఊడదీసి చూపించాడు. అడుగున ఎప్పుడో ఒలికిన టీ, అందులో బీడీ బూడిద, పాకంలా గడ్డకట్టి ఉన్నాయి. ఇది ఒక్కటీ బాగుపడదమ్మా, మీటల పలక మొత్తం మార్చాలి, ఇంత పాతదానికి విశాఖలో దొరుకుతుందో లేదో అన్నాడు. ఉత్తరం ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడే అచ్చు తీసిస్తానని కూడా అన్నాడు. వద్దన్నాను. లాప్‌టాప్ అక్కడే వదిలి వచ్చాను.

వారం అయింది, రెండు వారాలు అయింది, ఇదిగో అదిగో అంటున్నాడు. అప్పకి మొదట్లో నిజమే చెప్పాను, పెట్టె పాడైందని. "అయితే సేత్తో రాసీయే. నాలుగు ముక్కలే కదా" అంది. అచ్చులో అయితే నీకే గౌరవం అప్పా అన్నాను. "నాకేటి గౌరవం, గుంట రావాల గాని" అంది. మూడోసారి అడిగినప్పుడు ఆ మొహం చూడలేక, పంపీసానప్పా అనేశాను.

ఆ అబద్ధం ఎంత దూరం పోతుందో అప్పుడు తెలియలేదు. అప్ప చోళ్ళు దంచి, జల్లించి, పిండి డబ్బాకి ఎత్తి పెట్టింది. మధ్యాహ్నం బస్సు వచ్చే వేళకి పని ఉన్నా లేకపోయినా వీధి చివరికి వచ్చి నిలబడేది. కాయితం అందినాదంటావా అని నన్ను అడిగేది, అందే ఉంటుందప్పా అనేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. ఒకరోజు బస్సు వెళ్ళిపోయాక, నా వైపు చూడకుండా, "అందినా రాలేదంటే దానికి కోపం తగ్గలేదన్నమాట. నా నోరు అలాటిది మరి" అని ఇంట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడైనా చెప్పవలసింది. ఒక కాగితం తీసి గుమ్మడికాయలో ఉసిరికాయలో నాలుగు ముక్కలు రాసి పడేయవలసింది. రెండు రోజుల్లో పెట్టె వచ్చేస్తుందని బాగుచేసే ఆయన ఫోను చేశాడు, ఈ రెండు రోజులే కదా అనుకున్నాను.

నిజంగానే వచ్చింది. కొత్త మీటల పలకతో, చిటికెన వేలు తగిలితే చాలు చ పడుతోంది. కూర్చుని ఒక్కొక్క స మీదకి వెళ్ళి, దాన్ని చెరిపి, చ పెట్టాను. దిద్దుతున్న కొద్దీ చెయ్యి ఆగలేదు. నాను నేను అయింది, ఓపాలి ఒకసారి అయింది, సల్లగుండు చల్లగా ఉండు అయింది. పాతది దాచాలని కూడా తోచలేదు. బొబ్బిలి వెళ్ళి అచ్చు తీయించి కవరు కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి మా వీధిలో జనం ఉన్నారు. అప్పకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది.

ఫోను ఈసారి ఎత్తింది ఆ పిల్ల, రాత్రి లోపలే వచ్చింది. తల్లి మంచం పక్కన కూర్చుని ఎడమ చెయ్యి నిమురుతూ, ఏటైనా సెప్పమ్మా, తిట్టైనా తిట్టమ్మా అంటుంటే చూడలేక, మర్నాడు పొద్దున్న ఆ కవరు తెచ్చి చేతిలో పెట్టాను. మీ అమ్మ నీకు రాయించిన ఉత్తరం అన్నాను. తల్లికి వినపడాలని పైకే చదివింది. సగం చదివి ఆగింది. కాగితం నా ఒళ్ళో పెట్టింది.

"సిన్నమ్మా, ఇది నువు రాసినదే. మాయమ్మ చూసి అంటాదేటి? నన్ను ఓదార్సడానికి రాసినావు, సాల్లే" అంది.

మంచం మీద అప్ప ఎడమ చెయ్యి పట్టె మీద కొడుతోంది. కాదు, కాదు అన్నట్టు. ఏమని చెప్పగలదు? తను అన్న మాటలు ఎదురుగా ఉన్నాయి, వాటిని గుర్తుపట్టడానికి వీలు లేకుండా చేసినది నేను. అక్కడే నేల మీద కూర్చుని అంతా చెప్పాను. మీట సంగతి, బొబ్బిలి సంగతి, పంపేశానని చెప్పిన సంగతి, వీధి చివర బస్సు కోసం నిలబడిన సంగతి. తలెత్తకుండా చెప్పాను. అప్ప కూడా అదే మొదటిసారి వినడం. పట్టె మీద కొడుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్ల నా ఒళ్ళోని కాగితం తీసి మడతలు వేసింది. చివరికి, "రాసినది రాసినట్టు ఇయ్యలేకపోయినావా సిన్నమ్మా" అని మాత్రం అంది.

కాగితం, పెన్ను అడిగి తీసుకున్నాను. అప్ప చెప్పినది నాకు ముక్క ముక్కా గుర్తుంది, మరిచిపోగలిగితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను కూడా. నా వంకర చేత్తో, చ దగ్గరకి వచ్చినప్పుడల్లా ఆగి, స రాశాను. అలవాటు పడిన చెయ్యి చ వైపే జారిపోయేది, రెండుచోట్ల కొట్టేసి దిద్దవలసి వచ్చింది. జీవితంలో కావాలని తప్పు రాయడం అదే మొదలు, రాసిన వాటిలో తప్పు లేనిది కూడా అదొక్కటే. ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది. గోడని సూసి అన్నాను గాని అన్న దగ్గర ఆగి, ఆ ముక్కే మళ్ళీ చదివింది. సోడంబలి దగ్గర ఏడుపులోనే నవ్వింది. అప్ప ఎడమ చెయ్యి చాపి కాగితం దగ్గరకి లాక్కుంది. ఎప్పుడో వసారాలో వదిలేసిన అక్షరాలు ఇంకా మరిచిపోలేదని నాకప్పుడు తెలిసింది. చూపుడువేలు ఒక్కొక్క మాట కింద పెట్టుకుంటూ చివరి వరకూ వెళ్ళి, సల్లగుండు దగ్గర ఆపి, కూతురి మొహంలోకి చూసింది. నా వైపు కూడా చూసింది. అందులో ఏముందో చెప్పే ధైర్యం నాకు లేదు.

తరవాత రెండు నెలలు బతికింది. కూతురు పక్కనే ఉండి ఆ పిండితోనే అంబలి కాచి తాగించింది. చేతితో కాచి పెట్టవలసినావిడ తాగింది, తాగవలసినది కాచింది. మాట్లాడుకోవడానికి వాళ్ళకి నెల పైన రోజులు ఉండేవి, ఆ రోజులు నేను తిన్నాను. ఆ పిల్ల ఇప్పటికీ నన్ను సిన్నమ్మా అనే పిలుస్తుంది, ఆ సంగతి ఎత్తదు. నౌపడ గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి, రెండేళ్ళకోసారి అడుగు పెచ్చులూడితే మళ్ళీ పూయిస్తున్నారు.

ఆ లాప్‌టాప్ అటక మీద ఉంది, వెలగడం మానేసి చాలా కాలమైంది. పాడైన ఆ నెలలో అది ఒక్కటే అప్ప మాట విన్నదనిపిస్తుంది నాకు, చెప్పినది చెప్పినట్టు రాసింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలందరి నోటా చ చక్కగా పలుకుతుంది. సూడు, సెప్పు అనేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, ఆ నేను కూడా ఫోనులోకి వెళ్ళేసరికి చూడు, చెప్పు అయిపోతున్నాను. ఇకమీద ఎవరి కూతురికైనా సందేహం వస్తే, ఇది మా అమ్మ మాటేనా అని దేనిని బట్టి పోల్చుకుంటుందో తెలియదు. ఒకప్పుడు ఆ స చెరిపి చ పెట్టడానికి నావంటిది ఒకతె పూనుకుని కూర్చోవలసి వచ్చేది, ఇప్పుడు ఎవరూ కూర్చోనక్కర లేదు.

మా మనవరాలు లోపలికి వెళ్ళాక, ఫోను రాసినది చెరిపేశాను. మైకు జోలికి పోకుండా బిగుసుకుపోయిన వేలితోనే ఒక్కొక్క అక్షరం వెతుక్కుని, సల్లగుండమ్మా అని కొట్టాను. ఫోను ఆ మాట కింద ఎర్రగీత గీసింది. సుద్దముక్క పట్టుకుని పలక మీదకి వంగిన నా చెయ్యి గుర్తుకొచ్చింది. ఆ గీతను అలాగే ఉండనిచ్చి, పంపేశాను.